ఎత్తిన చెయ్యి

కూరగాయల మార్కెట్‌లో ఆడోళ్ల మరుగుదొడ్డి పడగొట్టి అంగళ్లు కట్టాలని కౌన్సిల్‌లో తీర్మానం పెట్టినారు.

"ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు చైర్మన్.

అందరూ ఎత్తినారు, పద్నాలుగో వార్డు విమల తప్ప. కౌన్సిలర్ కాకముందు ఆ మార్కెట్‌లోనే ఇరవై ఏండ్లు టమాటాలమ్మిన మనిషి. పేరుకు ఆమె కౌన్సిలరైనా, వెనక కుర్చీలో కూచోని నడిపించేది మొగుడు ప్రకాశం.

"చెయ్యెత్తే. ఒక అంగడి మనకే" అని గొణిగినాడు.

"ఆ మరుగుదొడ్డి కట్టకముందు పొద్దస్తమానం నీళ్లు తాగకుండా కూచుంటాంటి. నీకేం తెల్సు?"

"చెప్పింది చెయ్. ఎత్తు."

ఎత్తింది. వెనక్కి తిరిగి ప్రకాశం చెంప పగలగొట్టింది.

"రాసుకోప్పా" అన్నాడు చైర్మన్ నాతో.

మినిట్స్ రాసే గుమాస్తాను. నాకు చేతులే లెక్క. రాసేసినా: పద్నాలుగో వార్డు సభ్యురాలు చెయ్యెత్తినారు. తీర్మానం ఏకగ్రీవం.