లిఫ్టు మామ పన్ను మీద బుడిపె

ఇటు రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ వెనక గుసగుసలు ఆపాలి. ఆవలింతలొచ్చేవాళ్ళు నోరు మూసుకునే ఆవలించండి. ఎందుకంటే ఇది పొద్దంతా తెరుచుకునే ఉన్న ఒక నోటి కథ.

"బాబాయ్, ఇవాళ తేలిపోవాలి," అంది పళ్ళ డాక్టరమ్మ. "ఇటు రెండు మిషన్లు, అటు నీ ముద్ద. అందరూ ఒకే నోటికి అచ్చు తీయండి. ఎవరిది సరిగ్గా వస్తే ఇక ఇక్కడ వాళ్ళదే పని."

అచ్చుల బాబాయ్ ముద్ద గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. గులాబీ రంగు ముద్ద కలిపి, జనం నోట్లో పెట్టి, పళ్ళ అచ్చు తీయడం ఆయన పని. నిలబడితే మోకాళ్ళ సలుపు, కూర్చుంటే లేవలేడు. అయినా ఆ ముద్ద గిన్నె లాగేసుకుంటే ఆ చేతులకి ఇంకో పని రాదు.

"ఎవరి నోరమ్మా?" అన్నాడు నీరసంగా.

"మన లిఫ్టు మామది."

కింద లిఫ్టు నడిపే మామ ఏదో నములుతూ, పొట్లం జేబులో కుక్కుకుంటూ వచ్చాడు. మామ నోరంటే మామూలు నోరు కాదండోయ్! తెరిచాడంటే లిఫ్టు తలుపులు తెరుచుకున్నట్టే. నలుగురు మనుషులు గొడుగులతో సహా లోపల నిలబడొచ్చు. పళ్ళు టీ తాగీ తాగీ దోరగా వేయించినట్టు తయారయ్యాయి.

"పుక్కిలించి ఉమ్మెయ్ మామా," అని చెంబుడు నీళ్ళిచ్చింది డాక్టరమ్మ.

మామ గటగటా తాగేసి చెంబు తిరిగిచ్చాడు.

మిషన్లు అమ్మడానికొచ్చిన ఇద్దరిలో పొట్టి టై ఆయన ముందుకొచ్చాడు. "మేడమ్, మాది పెన్నంత తేలిక. నోట్లో ఇలా తిప్పితే చాలు, పళ్ళన్నీ వెళ్ళి టీవీలో కూర్చుంటాయి. వెంట్రుకవాసి తేడా రాదు."

"వాళ్ళది వెంట్రుకవాసేనండి," అన్నాడు పొడుగు టై ఆయన. "మాది ఆ వెంట్రుకని నిలువునా చీలుస్తుంది. పైగా తీగ లేదు."

"తీగ లేకపోతే మధ్యలో చార్జింగ్ అయిపోతుంది మేడమ్!"

"తీగ ఉంటే కాళ్ళకి తగులుకుని పడతారు మేడమ్!"

"మీ ఇద్దరిలో ఎవరో ఒకరు మొదలుపెడితే నేను ఇంటికెళ్ళి పడుకుంటానయ్యా," అంది డాక్టరమ్మ.

పొట్టి టై ఆయన మిషన్ పుల్ల మామ నోట్లోకి వెళ్ళింది. మామ కళ్ళు పెద్దవి చేసి, "ఆ... వె... ఎయ్..." అంటూ లోపలికి వేలు చూపించాడు.

"మాట్లాడకండి సార్! కదిలితే మళ్ళీ మొదటి నుంచీ తీయాలి!"

మళ్ళీ మొదటి నుంచే తీశారు. తర్వాత పొడుగు టై పుల్ల. మామ మళ్ళీ "ఆ... వె..." అన్నాడు, మళ్ళీ కసురుకున్నారు. ఒక్కొక్కరూ నాలుగేసిసార్లు తిప్పారు. మామ దవడ తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది.

బెంచీ మీద బుగ్గ వాచిన ఆవిడకి ఓపిక చచ్చిపోయింది. "పన్ను కట్టించుకుందామని వస్తే ఇక్కడ పళ్ళకి పోటీలు పెట్టారేంటమ్మా!"

చివరికి బాబాయ్ వంతు. ముద్ద కలిపాడు, గరిటెలాంటి పళ్ళెంలో నింపాడు, మామ నోట్లో అదిమాడు. "ముక్కుతో గాలి పీల్చు మామా. అంతే, అయిపోయింది." టప్పున ఊడదీశాడు.

"హమ్మయ్య! ఇదిగో..." అనబోయాడు మామ.

"నోరు మూయకు మామా, తేడా వస్తే మళ్ళీ తీయాలి," అంది డాక్టరమ్మ. పాపం, మామ తెరిచిన నోటితో అలాగే కూర్చున్నాడు. రెండు ఈగలు లోపలికెళ్ళి, చుట్టూ చూసి, బయటికొచ్చాయి.

బాబాయ్ ఆ ముద్దలో సున్నంలాంటి పిండి పోశాడు. అది గట్టిపడ్డాక తెల్లటి పళ్ళ వరస ఊడదీసి, పనైపోయిన ముద్దని చెత్త తొట్టి పక్కన పడేశాడు. ఏదైనా రెండుసార్లు చూసే మనిషి, ఆ రోజు అలసటకి ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరమ్మ మూడూ పక్కపక్కన పెట్టి చూసింది. అన్ని పళ్ళూ సరిపోయాయి, ఒక్కటి తప్ప. రెండు టీవీల్లోనూ చివరి దవడపన్ను మీద చిన్న బుడిపె ఉంది. బాబాయ్ అచ్చులో లేదు.

"నా ముద్ద దేన్నీ వదలదమ్మా," అన్నాడు బాబాయ్.

"వదిలింది బాబాయ్. వేరే వేరే కంపెనీల మిషన్లు రెండూ కూడబలుక్కుని ఒకే అబద్ధం చెప్పవు కదా."

బాబాయ్ ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు. "పోనీలేమ్మా. మోకాళ్ళకైనా విశ్రాంతి."

టైలు రెండూ అప్పుడే ఇంకో పోట్లాటలో పడ్డాయి. "మా బుడిపె చూడండి మేడమ్, ఎంత నున్నగా వచ్చిందో!"

"మా బుడిపెకి మధ్యలో గీత కూడా కనిపిస్తోంది మేడమ్!"

"ఇక నోరు మూయొచ్చు మామా," అంది డాక్టరమ్మ.

మామ రెండు చేతులతో దవడ పట్టుకుని మూశాడు. "పొద్దుటి నుంచీ చెబుదామంటే ఒక్కరూ చెప్పనివ్వరేంటర్రా! వెనక పంటికి వేరుశనగ పలుకు ఇరుక్కుపోయింది మొర్రో అని... చివరికి బాబాయ్ ముద్దకి అంటుకుని ఊడొచ్చింది. ప్రాణం లేచొచ్చిందనుకో!"

అందరూ తొట్టి వైపు తిరిగారు. గులాబీ ముద్దలో, చిట్టచివరి గుంటలో, మధ్యలో గీతతో సహా కూర్చుని ఉంది వేరుశనగ పలుకు.

బాబాయ్ నిట్టూర్చి ఏప్రాన్ మళ్ళీ తొడుక్కున్నాడు. "అయితే రేపు కూడా నిలబడాలన్నమాట."

బెంచీ మీంచి బుగ్గ వాచిన ఆవిడ చెయ్యెత్తింది. "డాక్టరమ్మా, నాకు మాత్రం మిషన్ పన్నే కట్టండి. ఎలాగూ పలుకుతో సహా వస్తుంది కదా, ఇంటికెళ్ళేదాకా నములుకుంటూ పోతాను!"