ఇంటి యజమాని గారికి

"ఇది బూజు కాదమ్మా, గోడకి వయసు మీద పడింది," అన్నాడు ఇళ్ళ ఏజెంటు, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని.

కండక్టరమ్మకి ఒళ్ళు మండిపోయింది. బస్సు డ్యూటీకి వెళ్ళాల్సిన మనిషి, యూనిఫాంలోనే మంచాన్ని ఒక్కతే ఈడ్చి మరీ గోడ చూపిస్తోంది. మంచం వెనక నిలువెత్తు నల్లమచ్చ. పైన బూడిదరంగు నూగు, కింద జిగట. పెచ్చు ఊడిన మూలలోంచి ఒక బొద్దింక మీసాలు ఆడిస్తూ ఇద్దరినీ తీరిగ్గా చూస్తోంది. నానబెట్టిన గోనెసంచి తెచ్చి మొహాన కప్పినట్టుంది ఆ కంపు.

"గోడకి వయసైతే మీరు ముక్కెందుకు మూసుకున్నారు?"

"నాకు కాస్త జలుబులెండి."

టిక్కెట్టు అడిగితే కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళతో ఆమెకి రోజూ పనే. ఇతనిదీ అదే బాపతు మొహం.

ముందుగదిలో ఆమె కూతురు, పిచ్చుక అని పిలుచుకునే పిల్ల, స్టూలు మీద కూర్చుని, ఇన్‌హేలరు తగిలించిన గొట్టం మూతికి పెట్టుకుని ఉంది. ఎనిమిదేళ్ళది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. వదిలినప్పుడల్లా పిల్లికూతలు.

"ఎన్నిసార్లు పీల్చావే?"

"మూడే అమ్మా. దగ్గొచ్చేసింది."

"ఒక్క నిమిషం ఆగి ఇంకోసారి నొక్కు తల్లీ. తొందరపడకు."

ఏజెంటు గొంతు సవరించుకున్నాడు. "పిల్లలన్నాక దగ్గుతారమ్మా. చల్లటివేమన్నా తాగిస్తున్నారేమో."

"ఆసుపత్రిలో చేతి మీద వరసగా చుక్కలేసి సూదితో గుచ్చి చూశారు. దుమ్ముకి ఏం కాలేదు, పిల్లి బొచ్చుకి ఏం కాలేదు. బూజు చుక్క పెట్టినచోటే గుండీ అంత ఉబ్బింది. ఇదిగో, మీ ఓనరుకే ఉత్తరం రాసిచ్చారు డాక్టరు గారు."

అతను చెయ్యి చాచలేదు. "డాక్టర్లకేం, కలం దొరికితే చాలు."

ఆమే పైకి చదివింది. "ఇంటి యజమాని గారికి. మీ ఇంట్లో ఉంటున్న ఈ పాపకి బూజు వల్ల ఉబ్బసం ముదురుతోంది. గోడలోకి నీరెక్కే దారి మూసేదాకా ఏ మందూ పూర్తిగా పనిచేయదు. పైపైన రంగు వెయ్యడం పుండు మీద పౌడరు అద్దడమే." మడిచి, అతని కళ్ళలోకి చూసింది. "ఇంకా నయం, నోటితో అన్నవి రాయలేదు. ఇలాంటి కొంపని మనుషులకి అద్దెకిచ్చేవాడు అన్నం తింటున్నాడా, గడ్డి తింటున్నాడా అన్నారు."

"ఓనరు గారు పెద్దమనిషి. ఈ మాట ఆయన చెవిన పడితే బాగుండదు."

"పడాలనే చదివాను. ఏడాదైంది ఇక్కడికొచ్చి. ఆయన నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో తెలీదు. కాగితాల మీదా మీ సంతకమే, తలుపు దగ్గరా మీరే. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

గుమ్మానికి అడ్డంగా నిలబడింది. టిక్కెట్టు తియ్యనివాణ్ణి దింపందే బస్సు కదలనిచ్చే మనిషి కాదు. ఏజెంటు గొణుక్కుంటూ ఫోన్ తీశాడు.

"నమస్తే సార్. ఆ కింది వాటా సంగతి సార్... అదే, చెమ్మ." కాసేపు విని ఆమెవైపు తిరిగాడు. "రంగు వేయిద్దాం అంటున్నారు."

"కిందటి వానలకి వేసిన రంగే ఇది!" గోడ దగ్గరికెళ్ళి గోరుతో గీకి చూపించింది. రంగు మీగడలా లేచొచ్చింది. గోటిలో నల్లటి నీళ్ళు.

ఏజెంటు మళ్ళీ విన్నాడు. "తప్పు ఇంటిది కాదట, ఉండేవాళ్ళ శుభ్రానిదట. తడిబట్టలు గదిలో ఆరేస్తున్నారేమో కనుక్కోమంటున్నారు."

"ఆయన పిల్లల్ని ఒక్కరోజు ఈ మంచం మీద పడుకోబెట్టమనండి!"

ఆ మాట అతను ఫోన్లోకి పంపలేదు. అంతలో పిచ్చుకకి దగ్గు తెర మొదలైంది. పిల్ల వంగిపోయి, స్టూలు పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా దగ్గుతోంది. తల్లి పరిగెత్తి వీపు నిమిరింది. ఫోను అవతలికీ వినపడినట్టుంది. ఏజెంటు అవతలి మాటలు విని తల గోక్కున్నాడు.

"ఏమన్నాడు?"

"అదీ... మీరు కావాలనే పక్కన కూర్చోబెట్టి దగ్గిస్తున్నారంటున్నారు. ఇలాంటి దగ్గులు ఆయన చాలా చూశారట."

కండక్టరమ్మ లేచి అతని ముందుకొచ్చింది. లోపలి గోడే నయం. దాని కుళ్ళు కంటికి కనపడుతుంది.

"పిల్ల నాటకమాడుతోంది, నేను ఆడిస్తున్నాను. డాక్టరు గారూ ఆడుతున్నారా?" ఉత్తరాన్ని అతని చేతిలో కుక్కింది. "ఇది చదివి వినిపించండి!"

"సార్, డాక్టరు ఉత్తరం కూడా ఉంది సార్." అవతలి నుంచి కేక. ఏజెంటు ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఆమెకేసి కాస్త గర్వంగా చూశాడు. "ఇవన్నీ అడిగినవాళ్ళకల్లా రాసిచ్చే దొంగ ఉత్తరాలట. అసలు అది రాసిన గాడిదెవడో పేరు చదవమంటున్నారు. వాడి లైసెన్సు ఊడబీకిస్తారట."

"చదవండి. మాకేం భయం?"

ఏజెంటు మడత విప్పాడు. ఆసుపత్రి ముద్ర మీదుగా వేలు కిందికి జరిపి సంతకం దగ్గర ఆపాడు. ముక్కు మీది జేబురుమాలు జారి కిందపడింది.

"సార్... రాసింది మీరే సార్."