అరువు కోటు

"బ్లౌజు పాడైతే నీకెందుకురా అంత కంగారు?"

రూమ్మేట్ బస్సులో ఉన్నాడు. మనవాడు రెస్టారెంటు వంటింట్లో గిన్నెల మధ్య ఉన్నాడు. రెండు రొదల మధ్యా పడి ఫోన్లో మాట నలిగింది.

"బ్లౌజు కాదురా, బ్లూస్! పాడవడం కాదు, పాడడం! శనివారం నన్ను బ్లూస్ పాడమంటున్నారు."

"ఎవరు?"

"గార్త్ వాళ్ల బ్యాండు. స్టేజి మీద. లోకల్ రేడియోలో లైవ్."

అవతల బస్సు గట్టిగా బ్రేకు వేసింది.

"వద్దు" అన్నాడు రూమ్మేట్. "నువ్వు పాడావో, మనం పాడైపోతాం. ఇద్దరం."

ఆ ఏడు కెనడాలోని సస్కటూన్‌లో అద్దె గదులకన్నా స్టూడెంట్లు ఎక్కువ. ఆ రెస్టారెంటులో గిన్నెలు కడిగే ఒక్క పనికి నూట ఎనభై మంది రెజ్యూమెలు పట్టుకుని మంచులో నిలబడ్డారు. బయట డిగ్రీలు మైనస్ ముప్ఫై. లైన్లో డిగ్రీలు ప్లస్ నూట ఎనభై. అలాంటి పని. పోతే మళ్లీ దొరకదు.

గార్త్ బ్యాండు అక్కడ ప్రతి శుక్రవారం సాయంత్రం వాయిస్తుంది. ముగ్గురూ అరవై దాటిన రాకర్లు. రాక్ సంగీతానికీ రాకింగ్ చెయిర్‌కీ మధ్య వయసు. వాళ్ల ప్రాణమంతా 'అరువు కోటు' అనే పాట. తొంభై ఏళ్ల కిందట అమెరికా దక్షిణాన, పత్తిచేలల్లో కూలికి పోయే ఒక నల్లజాతి ముసలాయన ఒంటి గిటారుతో పాడిన బ్లూస్ అది. 'ఈ కోటు నాది కాదు దొరా, లోపలి చలి మాత్రం నాదే.' పాటంతా అంతే.

తర్వాత లండన్ రాక్ కుర్రాళ్లు దాన్ని తమ తీరులో మళ్లీ పాడి 'కవర్' చేశారు. వాళ్లను చూసి అమెరికా జులపాలవాళ్లు కవర్ చేశారు. ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చాయి, డ్రమ్ములు వచ్చాయి, కేకలొచ్చాయి. కవరు మీద కవరు పడి కోటు దళసరెక్కింది. చలి పోయింది. గార్త్ వాళ్లు వాయించేది ఆ కవరుకి కవరు.

పోయిన శుక్రవారం గార్త్ ఖాళీ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. మనవాడు పెనం తోముతూ అదే పాట పాడుకుంటున్నాడు. ముసలాయన వరసలో, చర్చిలో కీర్తన ఎత్తుకున్నంత నిదానంగా.

"క్రిస్టో!"

మనవాడు తోముతూనే ఉన్నాడు. గిన్నెల చప్పుడు మరి.

"క్రిస్టో!"

ఈసారి ఉలిక్కిపడి తిరిగాడు.

"నలభై ఏళ్లుగా మేం కోటు గురించే పాడుతున్నాం" అన్నాడు గార్త్. "చలి గురించి పాడినవాడివి నువ్వు. శనివారం నువ్వే పాడాలి. కుదిరితే ఇక గిన్నెలొద్దు. మా సింగర్‌వి నువ్వే."

పోస్టరు వేస్తామన్నారు. మనవాడు ఫొటో వద్దన్నాడు. పేరైనా వేస్తామంటే, అది అసలే వద్దన్నాడు. పాపం సిగ్గరి అనుకున్నారు.

బుధవారం కొత్త మేనేజరమ్మ ఫైలు చూసి కేకు తెప్పించింది.

"హ్యాపీ బర్త్‌డే, క్రిస్టో!"

"ఇవాళా?" అన్నాడు మనవాడు.

వంటిల్లంతా పగలబడి నవ్వింది. పనిలో పడి పుట్టినరోజే మరిచిపోయాడట!

ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే రూమ్మేట్ నవ్వలేదు.

"ఇదిగో, ఇలాగే మొదలవుద్ది. రేపు రేడియోవాళ్లు కాగితాలడుగుతారు. స్టూడెంటుకి వారానికి ఇన్నే పనిగంటలన్న రూలుంది, ఎవడో లెక్కపెడతాడు. స్టడీ పర్మిట్ పోయాక ఎక్కడ పాడతావురా, ఎయిర్‌పోర్టులోనా?"

"ఒక్క పాటరా. సంవత్సరం నుంచీ నా గొంతు విన్నది ఆ సింకొక్కటే."

"నీకేం, పాడేసి దిగిపోతావు. మునిగితే నేనూ మునుగుతా."

మనవాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. శుక్రవారానికి రూమ్మేటే మెత్తబడ్డాడు.

"సరే, ఏడువు. నేనూ వచ్చి వెనక కూర్చుంటా. పాటవగానే వంటింట్లోంచి జారుకో. ఎవరితోనూ మాట్లాడకు."

శనివారం సాయంత్రం ఏడింటికి రెస్టారెంటు హాలు కిక్కిరిసింది. మనవాడు కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. రెండో చరణానికి డ్రమ్ములు వాటంతటవే ఆగిపోయాయి. గార్త్ ఒక్క తీగతో సరిపెట్టుకున్నాడు. 'ఈ కోటు నాది కాదు' అన్న మాట రెండుసార్లు పాడాడు. ప్లేట్ల మీద ఫోర్కులు ఆగాయి. రేడియో అమ్మాయి ముక్కు తుడుచుకుంది.

పాట అయిపోయింది. హాలంతా చప్పట్లు. రూమ్మేట్ కూడా లేచి కొట్టాడు. గండం గడిచింది.

"ఆగండాగండి!" గార్త్ మైకు లాక్కున్నాడు. "క్రిస్టోకి ఒక సర్‌ప్రైజ్! ఇతని ఫైల్లో, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలన్న చోట ఒక నంబరుంది. ఇంతకన్నా అత్యవసరం ఏముంటుంది? కాకినాడ నుంచి వాళ్లమ్మ! మొదటి నుంచీ పాట చూస్తూనే ఉంది!"

హాకీ మ్యాచ్‌లు చూపించే పెద్ద తెర వెలిగింది. అక్కడ అప్పుడే ఆదివారం తెల్లవారింది. చర్చికి తయారైన బాలకుమారి గారు తెల్లచీరలో కూర్చుని ఉన్నారు. చుట్టూ ఇరుగుపొరుగు. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లు హెడ్‌నర్సు. ఇంగ్లీషు ఇంజెక్షన్‌లా సూటిగా దిగుతుంది.

మనవాడు మైకు స్టాండు వెనక్కి జరిగాడు. వెనక వరసలో రూమ్మేట్ బూటు లేసు కట్టుకోవడానికి బల్ల కిందికి వంగాడు. వంగినవాడు లేవలేదు.

"చెప్పండమ్మా!" అన్నాడు గార్త్. "ఎలా ఉంది?"

బాలకుమారి గారు కళ్లజోడు సర్దుకున్నారు. హాలంతటికీ, రేడియో వింటున్న ఊరంతటికీ అర్థమయ్యే ఇంగ్లీషులో సంతోషంగా అడిగారు:

"ఈ బాబెవరో గానీ ఎంత బాగా పాడాడండీ, మరి మా క్రిస్టో ఎప్పుడొస్తాడు స్టేజి మీదికి?"