మిగిలిన ఒక్క ప్రతి

“గా బస్తా గూడ ఇప్పు భాయ్,” అన్నాడు అమరనాథ్.

అది శాలిబండలో దస్తగీర్ పాతపేపర్ల దుకాణం. పొద్దున్నుంచి పదకొండు బస్తాలు విప్పారు. అరవై దాటిన అమరనాథ్ సైదాబాద్ నుంచి ఆటోలో పడి వచ్చి, ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద కూలబడ్డాడు. వెతుకుతున్నది ఒక పుస్తకం. క్రైస్తవ సంఘం తొలి మూడు వందల ఏళ్ల చరిత్ర. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆయన తాత పన్నెండేళ్లు కష్టపడి తెలుగు చేశాడు. నూరేళ్ల నాటి అచ్చు. ఎన్ని చర్చిల్లో, ఎన్ని లైబ్రరీల్లో అడిగినా ఇంకో ప్రతి దొరకలేదు. మిగిలింది ఆయన ఇంట్లో ఉన్న ఈ ఒక్కటే. సోమవారం దాన్ని ఫొటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మనుషులొస్తున్నారు.

పురుగు పట్టకుండా దాన్ని న్యూస్‌పేపర్లో పొట్లం కట్టింది ఆయనే. ఆ పొట్లాన్ని పాత పేపర్ల దొంతర మీద పెట్టిందీ ఆయనే. నాలుగు రోజుల కింద దస్తగీర్ బండి వస్తే, ఆ దొంతరను స్వయంగా మోసుకెళ్లి ఇచ్చిందీ ఆయనే. ఇక ఎవరి మీద విసుక్కుంటాడు పాపం.

పన్నెండో బస్తాలో స్కూలు గైడ్లు, పెళ్లి కార్డులు వచ్చాయి. అదే చివరిది. మొన్న ఒక లోడు కాగితం మిల్లుకు పోయిందని దస్తగీర్ తల దించుకుని చెప్పాడు.

“మిల్లుల ఏం చేస్తరు?”

“నానబెట్టి ముద్ద చేస్తరు సార్.”

తాత మొహం అమరనాథ్ ఎన్నడూ చూసి ఎరగడు. ఆయనకు తాత అంటే ఆ పుస్తకమే. దుఃఖం ఆగక చేతి రుమాలుతో మొహం కప్పుకున్నాడు.

అప్పుడే దస్తగీర్ తల్లి షౌకత్ బీ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. వచ్చిన కాగితాలు ఏరి వేరు చేసే పని ఆమెది. తెలుగు బళ్లో ఏడో తరగతి దాకా చదివింది. ఏం పోయిందని కొడుకును అడిగితే అతను చెప్పాడు.

“నల్ల అట్టదేనా? ఎర్ర దారంతోని కుట్టింది?”

అమరనాథ్ రుమాలు తీశాడు. ఔనన్నాడు.

“గది మిల్లుకు పోలే. నేనే పక్కకు తీసిన.”

దస్తగీర్ ఊపిరి పీల్చుకుని, ఈ ముక్క పొద్దున్నే చెప్తే ఇంత లొల్లి ఉండకపోయేది కదా అని తల్లిని కసిరాడు. అమరనాథ్ లేచి ఆమెకు రెండు చేతులూ జోడించాడు. ఆమె ఇబ్బందిపడుతూ నిదానంగా చెప్పుకొచ్చింది.

“నాల్గు పేజీలు చదివిన సార్. యేసు అంటే మా ఈసా నబీ. మరియమ్మ అంటే మా మర్యం బీబీ. గా పేర్లున్న కాగితం పాత రద్దీ పేపర్లల కలిపితే పాపం తగుల్తది. అందుకే, ఇంట్ల చినిగిన ఖురాన్ కాగితాలుంటే వాటితోని కలిపి ఆకుపచ్చ గుడ్డల మూట కుట్టిన.”

“గా మూట యాడుంది అమ్మీ?” అన్నాడు దస్తగీర్.

షౌకత్ బీ కొడుకు మొహంలోకి వింతగా చూసింది.

“గసుంటి కాగితాలు ఎవరి కాళ్ల కింద పడొద్దని, మూసీ నీళ్లు మురికని, నిన్న నేను సంచిల పెట్టిస్తే నువ్వే గద బేటా, దానికి రాయి కట్టి కృష్ణానదిల ఇడిచొచ్చినవ్.”