ఫ్రేముల కింది కాగితాలు

ఆఫీసు గోడ నిండా ఎవరో వెక్కిరింపులు అతికించి పోయారు.

సబ్బుల కంపెనీ యజమాని పదింటికి వస్తానన్నాడని, ప్రకటనల ఆఫీసు మేనేజరు ఆ రోజు గంట ముందే వచ్చాడు. తలుపు తోసి అక్కడే నిలబడిపోయాడు.

ఆ గోడకు తొమ్మిది ఫ్రేములున్నాయి. సబ్బు, సిరా, బిస్కెట్లు, ఫ్యాన్లు... ఇంటింటా తెలిసిన పేర్లు. కంప్యూటర్లు రాని రోజుల్లో కుంచెతో రాసిన అసలు లోగోలు. మూతపడ్డ ఒక స్టూడియో నుంచి కొని తెచ్చినవి. రాసిన మనిషెవరో అమ్మినవాళ్లకే తెలియదు.

ఇప్పుడు ఒక్కో ఫ్రేము కింద ఒక్కో కాగితం. అదే లోగో, కోడి కెలికినట్టు.

సబ్బు పేరు జారి పడుతోంది. బిస్కెట్ల పేరును ఎవరో సగం కొరికేసినట్టుంది. ఫ్యాను పేరుకు చలిజ్వరం.

స్టాఫ్ ఒక్కొక్కరే వచ్చారు. పొట్టలు పట్టుకుని నవ్వారు.

అందరికన్నా గట్టిగా నవ్వింది ప్రకటనలకు మాటలు రాసే ఉద్యోగి. ఆఫీసులో అతనికి 'వెటకారం' అని పేరు.

"ఫ్యానుకే చలేసిందంటే గాలి బాగా వస్తున్నట్టే," అన్నాడు.

"పోయిన నెల నా సంతకానికి మీసాలు పెట్టిందెవరు?" మేనేజరు అడిగాడు.

"అది నేనే సార్."

"మరి ఇది?"

"ఒట్టు, నేను కాదు సార్. ఇంత బాగా వెక్కిరించడం నాకు చేతకాదు."

"ఇంకా జోకులా?" మేనేజరు గొంతు తగ్గింది. "చిన్నప్పుడు మా నాన్న బల్ల మీద ఆ సిరా సీసా ఉండేది. దాని మీది అక్షరాలు చూసి చూసి నా నోటుపుస్తకాల అట్టలన్నీ నింపేవాణ్ణి. చివర ఆ తోక తిప్పడం ఒక్కసారీ రాలేదు. నేనీ పనిలోకి వచ్చిందే ఆ చేతిరాత వల్ల. దాంతో ఆటలాడేవాడు నాకొద్దు. సామాన్లు సర్దుకో."

నవ్వులు ఆగిపోయాయి.

వెటకారం మొహం పాలిపోయింది. "సార్, నిజంగా నేను..."

"పదయ్యేలోగా వెళ్లిపోవాలి."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

కాపలా తాత. మంచినీళ్లు పట్టుకురావడానికి వెళ్లి అప్పుడే వచ్చాడు. మూడు నెలలుగా రోజూ ఆఫీసు తాళం తీసేది ఆయనే. మేనేజరు ఆయన మొహం సరిగ్గా చూసింది మాత్రం ఇవాళే.

"ఆ అబ్బాయిని పంపకండి బాబూ. అతికించింది నేను."

"నువ్వా? ఎందుకు తాతా, మమ్మల్ని నవ్వించడానికా?"

"నవ్వులాటకి కాదు బాబూ. రోజూ మీరెవరూ రాకముందే రాసి, వాటి కింద పెట్టి చూసుకుని, తీసేస్తాను. ఇవాళ మీరు తొందరగా వచ్చేశారు."

"చూసుకోవడమేంటి?"

తాత కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అయినా దాని వణుకు ఆగలేదు.

"పైవన్నీ నా ముప్పయ్యో ఏట రాసినవి బాబూ. కిందవి ఈ పొద్దున రాసినవి."