తూము ఆట

మా కాలవ తూములు ఇప్పుడు ఫోన్లో ఆట ఆడి గెలిస్తేనే తెరుచుకుంటాయి. ఆటకి కొత్త అప్‌డేట్ వచ్చింది, పాతదానికి తూము కదలదు. పక్క మడి గవరయ్య బావ ఫోన్లోకి అది వెంటనే దిగింది. నా ఫోన్ వేరే రకం. దాని స్టోర్‌వాళ్లు తొమ్మిది రోజులుగా "పరిశీలనలో ఉంది" అంటున్నారు.

"నీకు వచ్చేదాకా నేనూ ఆడను బావా" అని గవరయ్య నా నారుమడి మట్టి పట్టుకుని మాటిచ్చాడు.

పదో రోజు పొద్దున్న అనుమతి వచ్చింది. ఆట తెరిస్తే, ఈ తడవ నీళ్లు అయిపోయాయని చూపించింది. గెలిచినవాడి పేరు గవరయ్య.

"ఏం బావా, ఆ మట్టి కడిగేసుకున్నావా?"

"నీళ్లొచ్చాయి కదా, కడుక్కోనా మరి!" అని నవ్వాడు.

నా నారు పసుపెక్కిపోయింది. నాలుగు సాయంత్రాలుగా అతని మడిలో కప్పలు అరుస్తుంటే, వాన వస్తుందనుకున్నాను.