అచ్చుకు అతుకు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మగ్గం గుంతలో భూలక్ష్మి నాయన కురుమూర్తి, గడప పక్కన తాత బాలకిష్టయ్య, చాప మీద హైదరాబాదు నుంచి వచ్చిన అచ్చాఫీసాయన, మూలన తాటాకులు ఒళ్లో పెట్టుకుని నకలు రాస్తున్న భూలక్ష్మి.

ఆ తాటాకుల్లో ఉన్నది నేతవాళ్ల పుట్టుక కథ. అది అచ్చయితే మాకూ ఒక పుస్తకం ఉందని నలుగురిలో చెప్పుకోవాలని తాత ఆశ.

నడిమి ఆకులను చెదలు తిన్నాయి.

కథంతా నోటికి వచ్చినవాడు కోడేరు జోగయ్య ఒక్కడే. "అచ్చుకు ముంగటనే వస్త. తెగినకాడ అతుకుత" అని నిరుడు కబురంపాడు.

"రైలుకు పొద్దాయె పెద్దయ్యా. ఆయన రాకుంటే నడిమి కథ తీసేసి ఉన్నదే అచ్చేస్తం," అన్నాడు అచ్చాఫీసాయన.

"వస్తడు. జర ఆగు."

అప్పుడే గడప ముందు ఒక ముసలామె నిలబడింది. మోకాళ్ల దాకా దుమ్ము.

"అచ్చుకు పిలిచిండ్రంట. అతకనీకి వచ్చిన."

తాత నవ్వాడు. మగ్గం అచ్చులో పాత పోగులకు కొత్త పోగులు అతకడానికి ఆడవాళ్లు కూలికి రావడం మామూలే.

"మొన్ననే అతికినం అవ్వా. పని లేదు, పో."

"గా అచ్చు కాదు అయ్యా..."

"బట్ట నేసే సాలోళ్లింట్ల ఎన్ని అచ్చులుంటయి? జరుగు, జోగయ్య వచ్చే తొవ్వ గది."

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జోగయ్య రాడు."

"నోరు మూయి! మంచి పనికి కూసుంటే ఏందా అపశకునం మాట!" తాత లేచి తలుపు రెక్క పట్టుకున్నాడు.

మూలన భూలక్ష్మి భయంతో ఆకులోకి తలవంచి, ఉన్న ముక్కే మళ్లీ చదివింది.

"తామర తూడు చీల్చి తొలి పోగు తీసింది..."

అక్కడ చెదల బొక్క.

"...చలికి వణికే బిడ్డ తల్లి," అని గడప అవతల సన్నటి గొంతు పాట అందుకుంది.

మగ్గం మోతకు ఏనాడో మొద్దుబారిన తాత చెవికి అది అందలేదు. మగ్గం ఆడిస్తున్న నాయనకు, రైలు ధ్యాసలో ఉన్న అచ్చాఫీసాయనకు వినబడలేదు. భూలక్ష్మికి అందింది. తాతా అని పిలవబోయింది. చాప మీది పరాయి మనిషిని చూసి, ఆకును మొహానికి అడ్డం పెట్టుకుంది.

మూసుకుంటున్న తలుపు సందులోంచి ముసలామె ఆ పిల్లనే చూస్తూ మెల్లగా, "ఆయన పోయి నెలాయె బిడ్డా. నేను ఆయన ఇంటిదాన్ని. కథంత నా నోట్ల పెట్టి..." అంటుండగానే తాత తలుపేసి గడియ పెట్టాడు.